రందికీ మందుంది!

చెరువు కట్ట, చేనేత మగ్గం, చేర్యాల పటం, మల్లన్న జాతర... మనసుకూ మెదడుకూ మేలు చేసేవి సిద్దిపేటలో చాలానే ఉన్నాయి. మనసును బరువెక్కించేవీ ఉన్నాయి. ఒక్కసారి ఊరు చుట్టొస్తే ప్రతి ఇంటికీ పనికొచ్చే మాటలు నాలుగు దొరుకుతాయి.

తెల్లవారుజామున కోమటి చెరువు కట్ట మీద నిలబడితే సిద్దిపేట సగం అక్కడే కనిపిస్తుంది. స్వెట్టర్లు వేసుకున్న రిటైర్డు టీచర్లు, మఫ్లర్లు చుట్టుకున్న వ్యాపారులు, కొంగు నడుముకు బిగించి గబగబా అడుగులేసే గృహిణులు, కొలువు పరీక్ష కోసం పరుగు ప్రాక్టీసు చేసే కుర్రాళ్లు. నీళ్ల మీద వేలాడే వంతెన, పక్కన పడవలు, కట్ట పొడవునా నడకదారి. ఒకప్పుడు మామూలు ఊరచెరువు. ఇప్పుడు ఊరికి ఊపిరి.

హైదరాబాద్ నుంచి రాజీవ్ రహదారి మీద వంద కిలోమీటర్లు వస్తే సిద్దిపేట. 2016 అక్టోబరు 11న మెదక్ నుంచి విడిపోయి, కరీంనగర్, వరంగల్ జిల్లాల నుంచి కొన్ని మండలాల్ని కలుపుకొని జిల్లా కేంద్రమయింది. 2018లో ప్రభుత్వ వైద్య కళాశాల వచ్చింది. 2023 అక్టోబరు 3న తొలి ప్యాసింజరు రైలు కూత పెట్టింది. రోడ్లు, చెరువులు, గోదావరి నీళ్లు... పైకి చూస్తే ఊరికి ఏ లోటూ లేదు.

కానీ ఊరి బాగు వేరు, ఊళ్లో మనిషి మనసు బాగు వేరు. ఆ తేడాను చెప్పడానికి ఇక్కడి జనానికి ఓ చక్కటి మాట ఉంది. రంది!

పానం మంచిగ లేదు!

దిగులు, బెంగ, మనాది... వీటన్నిటినీ కలిపితే వచ్చేదే రంది. 'కొడుకు మీద రంది పెట్టుకుంది', 'రందితోనే సగమైండు' అనడం తెలంగాణ పల్లెల్లో మామూలే. మనసులోని బాధ ఒంటిని తినేస్తుందని పుస్తకాలు చదవని అవ్వలకూ తెలుసు. అందుకే 'రంది పెట్టుకోకు బిడ్డా' అంటారు. ఉర్దూ కలిసిన నోళ్లయితే 'ఫికర్ చేయకు' అంటాయి.

చిక్కల్లా ఎక్కడంటే... రంది అన్న మాట అందరికీ తెలిసినా 'నాకు రందిగా ఉంది' అని తమ గురించి తాము చెప్పుకునేవాళ్లు తక్కువ. 'పానం మంచిగ లేదు' అంటారు. తల బరువంటారు. గుండె దడంటారు. ఒళ్లంతా మంటలంటారు. నిద్ర పట్టడం లేదని, అన్నం సయించడం లేదని అంటారు. ఆర్‌ఎంపీ దగ్గర ఓ సూది, మందుల దుకాణంలో బలం గోళీలు, ఆపైన పట్నంలో స్కానింగు. రిపోర్టులన్నీ బాగానే ఉంటాయి, మనిషి మాత్రం బాగుండడు. అప్పటికి ఏడాది గడిచిపోతుంది.

అలాగని ఆ నొప్పులు నటన కాదు. కుంగుబాటులో శరీరం నిజంగానే నొప్పి పుడుతుంది. మన దగ్గర చాలామందిలో కుంగుబాటు మొదట ఒంటి బాధగానే బయటపడుతుంది. రెండు వారాలకు మించి దిగులు, దేనిమీదా ఆసక్తి లేకపోవడం, నిద్ర, ఆకలి తారుమారు కావడం, పనికిమాలినవాణ్నన్న భావన... ఇవన్నీ ఒకచోట చేరితే దాన్ని జబ్బుగానే చూడాలంటారు మానసిక వైద్యులు.

బెంగళూరులోని నిమ్హాన్స్ 2015-16లో పన్నెండు రాష్ట్రాల్లో జరిపిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో ప్రతి వందమంది పెద్దవాళ్లలో పదిమందికి పైగా ఏదో ఒక మానసిక సమస్యతో ఉన్నారు. అంతకన్నా ఆలోచించాల్సిన సంగతి... జబ్బును బట్టి వందలో డెబ్బై నుంచి తొంభైరెండు మంది దాకా చికిత్స అందనివాళ్లే. బీపీ వస్తే నలుగురికీ చెప్పుకుంటాం. షుగరొస్తే పెళ్లి భోజనంలోనూ చెప్పుకుంటాం. మనసుకు జబ్బొస్తే మాత్రం గడప దాటనివ్వం.

కట్ట మీద నాలుగడుగులు

మెదడు బరువు మన ఒంటి బరువులో రెండు శాతమే. కానీ ఒంట్లో ఖర్చయ్యే ఆక్సిజన్‌లో ఐదోవంతు దానికే కావాలి. రక్తనాళాలు శుభ్రంగా ఉంటేనే ఆ సరఫరా సజావుగా సాగుతుంది. గుండెకు ఏది మంచిదో మెదడుకూ అదే మంచిదని వైద్యులు పదేపదే చెప్పేది అందుకే.

వారానికి నూటయాభై నిమిషాల చురుకైన నడక పెద్దవాళ్లకు కనీస అవసరమన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. రోజుకు అరగంట చొప్పున ఐదు రోజులు. కోమటి చెరువు కట్ట ఎక్కితే అదేమంత కష్టం కాదు. పైగా కట్ట మీద నడక ఒంటరిగా సాగదు. 'అన్నా, నిన్న రాలేదేం' అనే పలకరింపు ఒకటి తోడుంటుంది. నడక రక్తనాళాలకు మందయితే ఆ పలకరింపు మనసుకు మందు.

2024లో లాన్సెట్ కమిషన్ వెలువరించిన నివేదిక మతిమరుపు జబ్బుకు దారితీసే పద్నాలుగు కారణాల్ని లెక్కగట్టింది. చదువు లేకపోవడం, వినికిడి తగ్గడం, చూపు తగ్గడం, చెడు కొలెస్ట్రాల్, కుంగుబాటు, తలకు దెబ్బలు, కదలిక లేని జీవితం, మధుమేహం, పొగతాగడం, అధిక రక్తపోటు, ఊబకాయం, మితిమీరిన మద్యం, ఒంటరితనం, గాలి కాలుష్యం. వీటన్నిటినీ అదుపులో పెట్టగలిగితే ప్రపంచంలో దాదాపు సగం, అంటే 45 శాతం కేసుల్ని అడ్డుకోవచ్చు లేదా వెనక్కి నెట్టవచ్చన్నది దాని సారాంశం.

ఆ జాబితాను మన ఇంటి భాషలోకి మార్చుకుంటే చాలా సులువు. తాతకు చెవి సరిగా వినిపించకపోతే 'ముసలోడు, వినపడదులే' అని వదిలేయకుండా మిషను పెట్టించాలి. అవ్వకు కంట్లో శుక్లముంటే ఆపరేషను చేయించాలి. రాజీవ్ రహదారి మీద బండెక్కే కొడుకు తలకు హెల్మెట్ ఉండాలి. బీపీ గోళీ 'ఇప్పుడు బాగానే ఉందిగా' అని ఆపేయకూడదు. మెదడును కాపాడే పనుల్లో సగం ఇలాంటి చిన్న పనులే.

ఇంకో మాట కూడా ఇంటిల్లిపాదికీ తెలిసుండాలి. మూతి ఒక పక్కకు వంకర పోయినా, ఒక చెయ్యి పైకి లేవకపోయినా, మాట తడబడినా అది పక్షవాతం కావచ్చు. రక్తపుగడ్డను కరిగించే సూదిమందు మామూలుగా నాలుగున్నర గంటల్లోపే ఇవ్వాలి. స్కానింగు అయ్యాకే ఆ సూది. ఆకుపసర్ల కోసం, పక్క ఊరి మందు కోసం పోయే ప్రతి గంటా మెదడులో కొంత భాగాన్ని తినేస్తుంది. వెంటనే 108కి ఫోన్ చేయాలి.

రెండు నోళ్ల బలం

సిద్దిపేట బజార్లో ఓ పూట తిరిగితే చెవిన పడేది ఒక్క తెలుగే కాదు. బేరం తెలుగులో మొదలై ఉర్దూలో తెగుతుంది. ఆటో డ్రైవరు హిందీలో ఫోన్ మాట్లాడి, వెనక కూర్చున్న పెద్దమ్మకు తెలుగులో జవాబిస్తాడు. ఇక్కడివాళ్లకు ఇదేమంత విశేషం కాదు. కానీ మెదడు నిపుణులకు చాలా పెద్ద విశేషం!

హైదరాబాద్ నిమ్స్‌లో డాక్టర్ సువర్ణ అల్లాడి, ఆమె సహచరులు మతిమరుపు జబ్బుతో వచ్చిన 648 మందిని పరిశీలించారు. వాళ్లలో 391 మంది రెండు, అంతకన్నా ఎక్కువ భాషలు మాట్లాడేవాళ్లు. ఒకే భాష వచ్చినవాళ్లలో జబ్బు సగటున 61 ఏళ్లకు మొదలైతే, రెండో భాష కూడా వచ్చినవాళ్లలో అరవై ఐదు దాటాక మొదలైంది. అంటే నాలుగున్నరేళ్లు ఆలస్యంగా! 2013లో న్యూరాలజీ పత్రికలో ఈ అధ్యయనం అచ్చయినప్పుడు ప్రపంచం మొత్తం హైదరాబాద్ వైపు చూసింది. కారణం... అప్పటిదాకా 'రెండు భాషలొచ్చిన వాళ్లు ఎక్కువ చదువుకున్నవాళ్లు, వలసవెళ్లినవాళ్లు, ఆ తేడా వల్లేనేమో' అనే అనుమానం ఉండేది. ఇక్కడ బడి ముఖం చూడనివాళ్లలోనూ అదే తేడా కనిపించింది.

ఆ బృందమే పక్షవాతం వచ్చిన 608 మందిని కూడా చూసింది. 2016లో వచ్చిన ఫలితాల ప్రకారం... పక్షవాతం తరవాత ఆలోచనాశక్తి మామూలుగా నిలిచినవాళ్లు రెండు భాషలవారిలో వందకు నలభై మంది. ఒకే భాషవారిలో ఇరవై మంది.

ఇలాంటి అధ్యయనాలు ఇతర దేశాల్లో అన్నిచోట్లా ఒకే ఫలితం ఇవ్వలేదన్నది కూడా నిజం. రెండో భాష మతిమరుపు రాకుండా ఆపే టీకా కాదు. కానీ ఒక భాషను అణచి ఇంకో భాషను పైకి తేవడం, ఎదుటి మనిషిని బట్టి మార్చడం... మెదడుకు రోజంతా సాగే కసరత్తు. మనవడికి తెలుగు రాకుండా ఇంగ్లిషు ఒక్కటే నేర్పిస్తున్న ఇళ్లు ఈ సంగతి కాస్త ఆలోచించుకోవాలి. నాయనమ్మతో మాట్లాడటానికి తెలుగు, బడికి ఇంగ్లిషు, వీధిలో ఉర్దూ, హిందీ... ఎన్నొస్తే అంత లాభం.

మగ్గం, పటం, ఒగ్గు

సిద్దిపేట పేరు చెబితే చీరలు తెలిసినవాళ్లకు గుర్తొచ్చేది గొల్లభామ. తలమీద కుండ పెట్టుకుని నడిచే గొల్లపడుచు బొమ్మను మగ్గం మీదే, దారంతోనే తీర్చడం ఇక్కడి నేతన్నల పనితనం. ఈ చీరకు 2012లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. బొమ్మ అచ్చుగుద్దింది కాదు, నేసింది. ఏ పోగు ఎక్కడ లేవాలో, ఏ రంగు ఎక్కడ తిరగాలో లెక్క తప్పకూడదు. కన్ను, చెయ్యి, లెక్క, జ్ఞాపకం నాలుగూ ఒక్కసారే పనిచేస్తేనే భామ కుండతో సహా నిలబడుతుంది.

చేర్యాలదీ అదే కథ. అక్కడి నకాశీ చిత్రకారులు బట్టకు చింతగింజల జిగురు, సుద్ద పట్టించి, ఎర్రటి నేపథ్యం మీద పురాణాల్ని గీస్తారు. ఆ పటాన్ని విప్పుకుంటూ ఒక్కో కులానికి ఒక్కో కథ చెప్పే కళాకారులుండేవారు. పద్మశాలీలకు కూనపులివారు, గొల్లలకు మందహెచ్చులవారు. రాత్రంతా సాగే కథకు చేతిలో పుస్తకం ఉండదు. పటమే గుర్తు, గొంతే పుస్తకం. మల్లన్న కథ, బీరప్ప కథ రాత్రుళ్లకు రాత్రుళ్లు చెప్పే ఒగ్గు కళాకారులదీ ఆ ధారణే.

మెదడు శాస్త్రంలో దీనికో పేరుంది. మేధో నిల్వ. బ్యాంకులో డబ్బు దాచుకున్నట్టే చదువు, నైపుణ్యం, కళ, కష్టమైన పని, నలుగురితో మాట... వీటివల్ల మెదడులో కొంత నిల్వ పోగవుతుంది. వయసుమీద పడి మెదడు కణాలు దెబ్బతిన్నా ఆ నిల్వ ఉన్నవాళ్లు ఎక్కువకాలం నెట్టుకొస్తారు. ఫిన్లాండులో 1,260 మంది పెద్దవాళ్లతో రెండేళ్లపాటు చేసిన ఫింగర్ అధ్యయనం 2015లో చెప్పిందీ ఇంచుమించు ఇదే. తిండి, వ్యాయామం, మెదడుకు పని, బీపీ, షుగర్ల అదుపు... వీటిలో ఏ ఒక్కటో కాకుండా అన్నీ కలిపి పాటించినవాళ్ల ఆలోచనాశక్తి మెరుగ్గా ఉంది.

అయితే కళ ఒక్కటే మనసును కాపాడదు. మగ్గం మెదడుకు మంచిదే, కానీ మగ్గం కడుపు నింపనప్పుడు అదే రందికి మూలం. సిద్దిపేట, దుబ్బాక ప్రాంతాల్లో మగ్గాలు తగ్గిపోతూ వచ్చాయి. పిల్లలు ఆ పనిలోకి రావడం లేదు. నేసేవాడికి చేతినిండా పని, చేసిన పనికి ధర ఉంటేనే కదా మేధో నిల్వ మాట! ఓ గొల్లభామ చీర కొనడం కూడా ఓ ఇంటి మనశ్శాంతికి సాయమే.

పట్నం వేద్దాం... పట్నమూ పోదాం

సంక్రాంతి నుంచి ఉగాది దాకా కొమురవెల్లిలో మల్లన్న జాతర. ఆదివారం వస్తే గుట్ట కిందంతా బోనాలు, పసుపు, ఒగ్గు డోళ్లు. ముగ్గుతో పట్నాలు వేస్తారు. శివసత్తులు ఊగిపోతారు. ఏడాదంతా మోసిన బరువును ఒక్క రోజులో దించుకుని వెళ్లే ఆడవాళ్లు ఎంతమందో. అక్కడ ఏడ్చినా ఎవరూ ఎందుకని అడగరు. మొక్కు, పాట, గుంపు, తోడు... మనసుకు ఇవి నిజంగానే ఊరట.

చిక్కు ఎప్పుడొస్తుందంటే జబ్బును 'గాలి' అనుకున్నప్పుడు. చెవిలో ఎవరో మాట్లాడుతున్నారని, అందరూ తనమీద కుట్ర పన్నుతున్నారని, నిద్ర లేకుండా రాత్రంతా తిరుగుతూ ఉంటే... అది స్కిజోఫ్రీనియా లాంటి జబ్బు కావచ్చు. సాధారణంగా ఇరవైల్లో మొదలవుతుంది. మందు ఎంత తొందరగా మొదలుపెడితే అంత బాగా కోలుకుంటారు. తాయెత్తులు, భూతవైద్యం, చివరికి గొలుసులు... ఈ తిరుగుడులో పోయిన ఏళ్లు వెనక్కి రావు. మనిషిని కట్టేయడం, కొట్టడం చట్టప్రకారం కూడా తప్పే. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం గొలుసులతో బంధించడాన్ని నిషేధించింది.

దేవుణ్ని మానుకోమని ఏ మంచి డాక్టరూ చెప్పడు. మల్లన్నకు పట్నం వేయండి, డాక్టరు కోసం పట్నమూ వెళ్లండి. రెండింటికీ పోటీ లేదు.

నీళ్లు వచ్చాయి, ఊళ్లు వెళ్లాయి

జిల్లాలో ఇప్పుడు చూడదగ్గ చోట్లంటే జలాశయాలే. 2020 ఏప్రిల్‌లో చంద్లాపూర్ దగ్గర రంగనాయకసాగర్‌లోకి నీళ్లు వచ్చాయి. 2022 ఫిబ్రవరి 23న యాభై టీఎంసీల మల్లన్నసాగర్ ప్రారంభమైంది. ఒకప్పుడు బోరు మీద బోరు వేసి నీళ్లు రాక తల పట్టుకున్న నేల ఇది. అక్కడ కట్ట ఎక్కి చూస్తే కళ్లు నిండుతాయి.

ఆ నీళ్ల కింద ఊళ్లున్నాయి. వేములఘాట్, పల్లెపహాడ్, ఏటిగడ్డ కిష్టాపూర్, లక్ష్మాపూర్... వాళ్లను గజ్వేల్ దగ్గర కట్టిన పునరావాస కాలనీకి తరలించారు. పరిహారాల లెక్కలు ఆఫీసుల్లో ఉంటాయి. మనసులోని లెక్క ఏ ఫైల్లోనూ ఉండదు. పొద్దున్నే ఎడ్లకు గడ్డి వేసి, పొలం గట్టు మీద బీడీ కాల్చి, సాయంత్రం వేపచెట్టు కింద కూర్చునే డెబ్బై ఏళ్ల రైతుకు కాలనీలో ఏ పనీ లేదు. ఏ వీధి ఎటు పోతుందో గుర్తుండదు. పాత ఊరి పక్కింటి మనిషి ఇప్పుడు నాలుగు వీధుల అవతల.

ఊరు పోవడం కూడా ఓ చావులాంటిదే. దానికీ దుఃఖం ఉంటుంది. కానీ కర్మకాండ లేని దుఃఖమది. పట్నంలోని కొడుకు దగ్గరకో, అమెరికాలోని కూతురి దగ్గరకో చేరిన పెద్దవాళ్లలోనూ కొంత ఇదే కనిపిస్తుంది. తిండికి లోటుండదు, మాటకే కరవు. ఇలాంటి పెద్దల్ని 'అన్నీ ఉన్నాయిగా, ఇంకేం కావాలి' అనడం కన్నా పాత ఊరి ముచ్చట్లు చెప్పించుకోవడం మేలు. ఊళ్లో ఏ ఇల్లు ఎక్కడుండేదో మనవడి చేత కాగితం మీద గీయించండి. పాత ఊరివాళ్లంతా పండక్కి ఒకచోట కలిసేలా చూడండి. చేతికో పని అప్పగించండి. కూరగాయల మడైనా చాలు.

పెద్దల మతిమరుపు గురించీ ఓ మాట. మన దేశంలో అరవై దాటినవాళ్లలో 7.4 శాతం, అంటే దాదాపు 88 లక్షల మందికి మతిమరుపు జబ్బు ఉందని 2023లో వెలువడిన జాతీయస్థాయి అంచనా. తాళంచెవి ఎక్కడ పెట్టామో మర్చిపోవడం వయసు. తాళంచెవి దేనికో మర్చిపోవడం జబ్బు. అలాగని ప్రతి మరుపూ అల్జీమర్స్ కాదు. థైరాయిడ్, బి12 లోపం, కుంగుబాటు వల్ల వచ్చే మరుపు చికిత్సతో తగ్గుతుంది. అందుకే 'వయసైపోయిందిలే' అని తేల్చేయకుండా ఒక్కసారి చూపించాలి.

అప్పు, పురుగుల మందు, మౌనం

ఈ జిల్లా గురించి రాస్తూ రైతును దాటి వెళ్లలేం. బోరు ఎండి, పత్తి పోయి, వడ్డీ పెరిగి... తనువు చాలించిన రైతుల వార్తలు ఈ ప్రాంతం నుంచి ఏళ్ల తరబడి వచ్చాయి. అప్పులు, ధరలు, పంట నష్టం ప్రభుత్వాలు తీర్చాల్సిన సమస్యలు. గోళీలతో అప్పు తీరదు. కానీ అప్పుకూ చావుకూ మధ్య ఓ మనిషి, ఓ ఇల్లు ఉంటాయి. ఆ మధ్యలో ఎవరో ఒకరు అడ్డుపడొచ్చు.

జాతీయ నేర గణాంకాల సంస్థ లెక్కల్లో 2022లో మన దేశంలో ఆత్మహత్య చేసుకున్నవాళ్లు 1,70,924 మంది. కారణాల్లో మొదటిది కుటుంబ సమస్యలు, వందకు దాదాపు ముప్పైరెండు. రెండోది అనారోగ్యం. అంటే చాలాసార్లు సమస్య ఇంట్లోనే ఉంది. పరిష్కారంలో కొంత భాగం కూడా ఇంట్లోనే ఉంది.

'చస్తానని బెదిరించేవాడు చావడు' అన్నది ప్రమాదకరమైన అపోహ. చాలామంది ముందే ఏదో ఒక రూపంలో చెబుతారు. 'నేను లేకుంటే మీరు మంచిగుంటరు' అనడం, అప్పుల చిట్టా భార్యకు అప్పజెప్పడం, ఇష్టమైన ఎడ్లను అమ్మేయడం, ఉన్నట్టుండి అందర్నీ పలకరించి రావడం... ఇలాంటివి కనిపిస్తే సూటిగానే అడగాలి. 'చచ్చిపోవాలని అనిపిస్తుందా?' అని అడిగితే లేని ఆలోచన పుట్టదు. ఉన్న ఆలోచన బయటికొస్తుంది. అడిగాక సలహాలివ్వకుండా వినాలి. మనిషిని ఒంటరిగా వదలొద్దు.

ఇంకో పని చాలా ముఖ్యం. పురుగుల మందు ఇంట్లో ఉంచొద్దు. శ్రీలంక అత్యంత విషపూరితమైన పురుగుల మందుల్ని ఒక్కొక్కటిగా నిషేధించుకుంటూ వెళ్లింది. 1995 తరవాత ఇరవై ఏళ్లలో అక్కడ ఆత్మహత్యల రేటు డెబ్బై శాతం తగ్గింది. పేదరికం పోలేదు, కష్టాలు పోలేదు. చేతికందే దూరంలో విషం లేకపోవడం వల్ల ఆ క్షణం గడిచిపోయింది. చావాలన్న తెగింపు చాలామందిలో కొద్దిసేపే ఉంటుంది. ఆ కొద్దిసేపు దాటించగలిగితే మనిషి మనకు మిగులుతాడు.

'పోలీసు కేసవుతుంది' అన్న భయంతో ఆసుపత్రికి తీసుకెళ్లనివాళ్లున్నారు. ఆ భయం అక్కర్లేదు. ఆత్మహత్యకు ప్రయత్నించిన మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టే భావించి, శిక్షించకుండా చికిత్స ఇవ్వాలని 2017 చట్టం చెబుతోంది. 2024 జులై 1న అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో పాత 309 సెక్షనే లేదు.

సాయంత్రం సీసా

చెట్టు కల్లు వేరు, కల్తీ కల్లు వేరు. 2015 సెప్టెంబరులో నిజామాబాద్, మహబూబ్‌నగర్ ప్రాంతాల్లో కల్తీ కల్లు సరఫరా ఒక్కసారిగా ఆగిపోయినప్పుడు వందలమంది ఆసుపత్రుల పాలయ్యారు. మూర్ఛలు, వణుకు, లేనివి కనిపించడం, మెడలు వంకర్లు పోవడం. అల్ప్రాజొలం లాంటి మత్తుమందులకు తెలియకుండానే బానిసలైన ఒళ్లవి.

అందులో ఇంటింటికీ ఓ పాఠం ఉంది. రోజూ తాగే మనిషి చేత 'ఇవాళ్టి నుంచి బంద్' అని ఒట్టు వేయించి గదిలో కూర్చోబెట్టడం మంచిది కాదు. మద్యమైనా, మత్తు గోళీలైనా ఒక్కసారిగా మానితే ప్రాణం మీదికి రావొచ్చు. చేతులు వణకడం, నిద్ర పట్టకపోవడం, ఎవరో పిలుస్తున్నట్టు వినిపించడం, మూర్ఛ వంటివి కనిపిస్తే వెంటనే ఆసుపత్రిలో చేర్చాలి. తాగుడు మాన్పించడానికి మందులున్నాయి. తిట్లకన్నా అవి బాగా పనిచేస్తాయి.

మార్కులు పోతే మళ్లీ వస్తాయి

సిద్దిపేట చదువుల ఊరు కూడా. కాలేజీలు, హాస్టళ్లు, గురుకులాలు, కోచింగ్ సెంటర్లు. 2019 ఏప్రిల్‌లో ఇంటర్ ఫలితాలొచ్చిన రోజుల్లో రాష్ట్రం మొత్తమ్మీద ఇరవై మందికి పైగా పిల్లలు ప్రాణాలు తీసుకున్నారు. మార్కుల్లో తప్పులు దొర్లాయని ఆ తరవాత ఊరూవాడా అట్టుడికింది. తప్పులు సరిదిద్దొచ్చు, పిల్లల్ని తేలేం. 2025 జులైలో సుప్రీంకోర్టు విద్యాసంస్థల్లో విద్యార్థుల మానసిక ఆరోగ్యం కోసం మార్గదర్శకాలు ఇచ్చింది. వందమంది, అంతకు మించి చదివేచోట శిక్షణ పొందిన కౌన్సెలరు ఉండాలన్నది అందులో ఒకటి. పిల్లల్ని చేర్పించేముందు ఫీజుతోపాటు ఆ సంగతీ అడగండి.

ఫలితాల రోజు ఇంట్లో పెద్దవాళ్లెవరైనా పిల్లల పక్కనే ఉండాలి. ఫోన్‌లో అడిగే మొదటి ప్రశ్న 'ఎన్నొచ్చినయ్?' కాకుండా 'తిన్నవా బిడ్డా?' అయితే సగం భయం అక్కడే పోతుంది. పక్కింటి పిల్లతో పోల్చడం ఆ ఒక్కరోజైనా మానుకుందాం.

ఎక్కడికి వెళ్లాలి?

తెలంగాణలో 'ఎర్రగడ్డ' అన్న మాటను తిట్టుగా వాడేస్తుంటారు. హైదరాబాద్‌లోని ఆ మానసిక ఆసుపత్రి వేలమందిని మళ్లీ మనుషుల్లో కలిపింది. దాన్ని వెక్కిరింతగా మార్చుకుని మనమే ఓ తలుపు మూసుకున్నాం.

ఇప్పుడు అంతదూరం వెళ్లాల్సిన పనిలేదు. వైద్య కళాశాలలో మానసిక వైద్య విభాగం ఉండితీరాలన్నది నిబంధన. సిద్దిపేట వైద్య కళాశాల ఆసుపత్రి చుట్టుపక్కల మండలాలకు దగ్గర. అక్కడికీ వెళ్లడానికి మొహమాటమైతే 14416కు ఫోన్ చేయొచ్చు. కేంద్రప్రభుత్వం 2022 అక్టోబరు 10న ప్రారంభించిన టెలిమానస్ సేవ ఇది. పగలైనా రాత్రయినా, పైసా ఖర్చు లేకుండా, తెలుగులోనే మాట్లాడొచ్చు. రోగి మాత్రమే చేయాలని లేదు. ఏం చేయాలో తోచని ఇంట్లోవాళ్లూ చేయొచ్చు.

ఇంటి పెద్దలకు పది మాటలు

* రెండు వారాలకు మించి నిద్ర, ఆకలి, ఆసక్తి తగ్గితే డాక్టరుకు చూపించండి. 'మనసు గట్టి చేసుకో' అన్నది చికిత్స కాదు.

* కుంగుబాటు మందులు పనిచేయడానికి రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది. గుణం కనిపించలేదని వారానికే ఆపొద్దు. బాగయ్యాక కూడా కొన్ని నెలలు వాడాలి. ఆపడం డాక్టరు చేతుల్లోనే ఉండాలి.

* రోజుకోసారైనా ఇంటిల్లిపాదీ టీవీ, ఫోన్ పక్కన పెట్టి కలిసి తినండి.

* నడక అరగంట, నిద్ర ఏడు గంటలు. రెండూ బేరం లేనివి.

* బీపీ, షుగర్ నలభై దాటితే తరచూ చూపించుకోండి.

* పెద్దవాళ్ల చెవి, కన్ను నిర్లక్ష్యం చేయొద్దు. వినపడని మనిషి మెల్లగా మాటలకు దూరమవుతాడు.

* బాలింతలో పది పదిహేను రోజులు దాటినా ఏడుపు, బిడ్డమీద అనాసక్తి కనిపిస్తే అది 'నఖరాలు' కాదు. చూపించండి.

* అప్పు సంగతి ఇంట్లో ఇద్దరికైనా తెలిసుండాలి. ఒక్కడే మోసే అప్పు రెండింతలు బరువు.

* పురుగుల మందు, ఎక్కువ మోతాదు గోళీలు చేతికందేలా ఉంచొద్దు.

* రోగిని చూసుకునేవాళ్లకూ విశ్రాంతి కావాలి. మతిమరుపు తల్లిని చూసుకునే కోడలికి వారానికి ఒక పూటైనా సెలవివ్వండి. ఆ పూట కొడుకు చూసుకోవాలి.